లెనార్డ్, డురాన్, హర్న్స్, హాగ్లర్: మంచి ఫామ్‌లో ఎవరి మీద ఎవరు గెలిచేవారు?

1980 జూన్ నుంచి 1989 డిసెంబర్ దాకా నలుగురు బాక్సర్లు తమలో తాము తొమ్మిదిసార్లు తలపడ్డారు. అమెరికా నుంచి షుగర్ రే లెనార్డ్, టామీ హర్న్స్, మార్విన్ హాగ్లర్. పనామా నుంచి రాబర్టో డురాన్. నలుగురిలో ఎన్ని జతలు కుదురుతాయో లెక్క వేస్తే ఆరు వస్తాయి. ఆ ఆరు జతలూ నిజంగానే బరిలో కలిశాయి. ఒకరికి భయపడి ఇంకొకరు తప్పించుకు తిరగలేదు.

అలాంటప్పుడు ఫలితాలు చూసుకుంటే సరిపోతుంది కదా, ఊహించడానికి ఇంకేముంది అనిపిస్తుంది. ముందు ఆ ఫలితాలే చూద్దాం. మిగతా ముగ్గురితో ఆడిన ఆరు పోరాటాల్లో లెనార్డ్ నాలుగు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాడు. హాగ్లర్ రెండు గెలిచి ఒకటి ఓడాడు. హర్న్స్ ఒకటి గెలిచి, రెండు ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాడు. డురాన్ ఐదింటిలో ఒకటే గెలిచాడు. ఈ పట్టిక ప్రకారం లెనార్డ్ మొదటివాడు, డురాన్ ఆఖరివాడు.

ఈ పట్టికను నమ్మి తీర్పు చెప్పేవాళ్లతో నేను ఒప్పుకోను. డురాన్‌ను ఆఖరున నిలబెట్టే ఏ లెక్కలోనైనా ఎక్కడో పెద్ద పొరపాటు ఉన్నట్టే. ఆ తొమ్మిదింటిలో ఇద్దరూ ఒకేసారి తమకు సరిపడే బరువులో, అసలు వయసులో ఉన్న రాత్రులు నా లెక్కలో మూడే మూడు. మిగతా వాటిలో ఎవరో ఒకరు తమ బరువు దాటి పైకి వచ్చినవాళ్లో, వయసు మీద పడినవాళ్లో, పోరాటాలు లేకుండా ఏళ్ల తరబడి కూర్చుని తిరిగి వచ్చినవాళ్లో అయి ఉంటారు.

అందుకే ఇలాంటి వాదనలో ఎవరినైనా ఎంచుకునే ముందు నేను మూడు సంగతులు తేల్చుకుంటాను. ఏ బరువులో? ఏ ఏడాది బాక్సర్? ఎన్ని రౌండ్లు? ఈ మూడూ తేలకుండా "డురాన్ గొప్పా, హాగ్లర్ గొప్పా" అని అడిగితే దానికి జవాబు ఉండదు. అరుపులే మిగులుతాయి.

బరువు సంగతి అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్తాను. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో లైట్‌వెయిట్ పరిమితి 135 పౌండ్లు, అంటే సుమారు 61 కిలోలు. వెల్టర్‌వెయిట్ 147 పౌండ్లు, సుమారు 66.7 కిలోలు. జూనియర్ మిడిల్‌వెయిట్ 154 పౌండ్లు, దాదాపు 70 కిలోలు. మిడిల్‌వెయిట్ 160 పౌండ్లు, 72.6 కిలోలు. కింది నుంచి పైకి తేడా పదకొండు, పన్నెండు కిలోలే. బయట చూసేవాళ్లకు ఇది చిన్న తేడాగా కనిపిస్తుంది. బరిలో మాత్రం అది ఎముకల తేడా, చేతి పొడవు తేడా, దెబ్బ తిని నిలబడే శక్తిలో తేడా. డురాన్ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. హర్న్స్ 6 అడుగుల 1 అంగుళం. హర్న్స్ రెండు చేతులూ చాపితే 78 అంగుళాలు. డురాన్‌కు అంతకంటే దాదాపు పదకొండు అంగుళాలు తక్కువ. డురాన్ బరువు పెంచుకోగలడు కానీ చేతులు పెంచుకోలేడు.

61 కిలోల్లో: డురాన్, వేరే పేరు అక్కర్లేదు

ఇక్కడ ఎక్కువ మాట్లాడాల్సింది లేదు. 1972 జూన్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కెన్ బుకానన్‌ను ఓడించి డురాన్ లైట్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత 12 సార్లు టైటిల్ నిలబెట్టుకుంటే అందులో 11 నాకౌట్లు. 1972 నవంబర్‌లో టైటిల్ పందెంలో లేని ఒక పోరాటంలో ఎస్తెబాన్ డె హెసుస్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. 1974లో, 1978లో అదే మనిషిని రెండుసార్లు నాకౌట్ చేసి లెక్క సరిచేశాడు.

నా దృష్టిలో డురాన్ అసలు రూపం 1978 జనవరిలో లాస్ వేగాస్‌లో డె హెసుస్‌తో జరిగిన మూడో పోరాటంలోనే ఉంది. అతని గురించి రాసేవాళ్లంతా రాతి చేతులు, ఉగ్రరూపం అంటారు. ఆ రాత్రి నాకు కనిపించేది మాత్రం ఓపిక. తల ఎప్పుడు పక్కకు జరపాలి, ఎదుటివాడి చెయ్యి ఎప్పుడు పట్టి నొక్కాలి, దగ్గరికి చేరాక భుజంతో ఎలా తిప్పి ఖాళీ చేసుకోవాలి అన్నది అంత బాగా తెలిసినవాడు ఈ నలుగురిలో మరొకడు లేడు. ఈ బరువుకు మిగతా ముగ్గురినీ దించడం ఎటూ కుదరదు. కాబట్టి ఇక్కడ పోటీ లేదు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. మిగతా ముగ్గురూ డురాన్‌తో కలిసినప్పుడు, అతను తన సొంత ఇంట్లో ఎప్పుడూ లేడు.

66.7 కిలోల్లో: అసలు చర్చంతా ఇక్కడే

ముందు లెనార్డ్, డురాన్. 1980 జూన్ 20న మాంట్రియల్‌లో మొదటిసారి కలిశారు. డురాన్‌కు 29 ఏళ్లు నిండి నాలుగు రోజులే. అప్పటికి 71 గెలిచి ఒక్కటే ఓడాడు. లెనార్డ్‌కు 24. ఓటమే లేదు. నాలుగేళ్ల కిందట అదే నగరంలో ఒలింపిక్స్ బంగారు పతకం గెలిచాడు. డురాన్ పోరాటానికి ముందు అతన్ని మాటలతో రెచ్చగొట్టాడు. లెనార్డ్ రెచ్చిపోయాడు కూడా. తనకున్న వేగాన్ని, కాళ్ల పనిని పక్కన పెట్టి ఎదురుగా నిలబడి కొట్టుకున్నాడు. 15 రౌండ్ల తర్వాత ముగ్గురు జడ్జీలూ డురాన్‌కే ఇచ్చారు కానీ ముగ్గురి దగ్గరా తేడా ఒకటి రెండు పాయింట్లే.

ఐదు నెలల తర్వాత, నవంబర్ 25న, న్యూ ఆర్లీన్స్‌లో రెండోసారి. మధ్యలో డురాన్ విందులు చేసుకుని బాగా బరువెక్కాడు. తక్కువ టైంలో దాన్ని దించుకోవాల్సి వచ్చింది. లెనార్డ్ ఈసారి నిలబడలేదు. చుట్టూ తిరిగాడు, కొట్టి జరిగాడు, వెక్కిరించాడు. ఎనిమిదో రౌండ్‌లో డురాన్ చెయ్యి ఊపి ఇక చాలని వెనక్కి తిరిగాడు. 'నో మాస్' (స్పానిష్‌లో 'ఇక వద్దు') అన్న రెండు ముక్కలు అతని పేరుకు జీవితాంతం అంటుకుపోయాయి. పదమూడేళ్లుగా అందరూ భయపడిన మనిషి ఒక్క రాత్రితో పిరికివాడు అయిపోయాడన్న మాటను నేను ఎప్పుడూ అంగీకరించలేదు. ఆ తర్వాత మూడేళ్లకే ఇదే మనిషి తనకంటే చాలా పెద్దవాడైన హాగ్లర్ ముందు 15 రౌండ్లు నిలబడ్డాడు.

మరి ఇద్దరూ మంచి ఫామ్‌లో ఉంటే ఎవరు? జూన్ డురాన్‌నూ, నవంబర్ లెనార్డ్‌నూ కలపాలి. కొంతమంది ఇక్కడ డురాన్‌ను తీసుకుంటారు. మాంట్రియల్‌లో లెనార్డ్‌ను నిలబడేలా చేసింది కోపం ఒక్కటే కాదు, డురాన్ దారులు మూసేయడం కూడా అని వాళ్ల వాదన. అందులో నిజముంది. మొదటి నాలుగైదు రౌండ్లు శ్రద్ధగా చూడండి. లెనార్డ్ కుడివైపు జరగబోయిన ప్రతిసారీ డురాన్ అక్కడికి ముందే చేరుకుని ఉంటాడు. అయినా నేను లెనార్డ్‌నే ఎంచుకుంటాను, పదింటిలో ఆరుసార్లు. వేగం అతని వైపు ఉంది, చేతి పొడవు అతని వైపు ఉంది. అన్నిటికంటే, తప్పుడు పద్ధతిలో పోరాడి కూడా అతను ఓడింది ఒకటి రెండు పాయింట్ల తేడాతోనే. ఎత్తుగడ సరిగ్గా ఉంటే ఆ తేడా తిరగబడుతుంది. మిగిలిన నాలుగుసార్లు మాత్రం డురాన్‌వే. అవి అదృష్టంతో వచ్చే గెలుపులు కావు.

ఇక లెనార్డ్, హర్న్స్. 1981 సెప్టెంబర్ 16, లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్. ఇద్దరూ తమ బరువులో, తమ వయసులో, ఏ సాకూ లేకుండా కలిసిన రాత్రి ఇది. లెనార్డ్‌కు 25, హర్న్స్‌కు 22. హర్న్స్ 32 గెలిస్తే 30 నాకౌట్లు. డెట్రాయిట్ క్రాంక్ జిమ్‌లో ఇమాన్యుయెల్ స్టీవార్డ్ తయారు చేసిన పొడుగు చేతుల మనిషి. అంతకు ముందు ఏడాదే పిపినో క్యూవాస్ లాంటి గట్టి ఛాంపియన్‌ను రెండు రౌండ్లలో పడేశాడు.

ఆ పోరాటంలో జరిగింది ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. ఆరు, ఏడు రౌండ్లలో లెనార్డ్ ఎడమ హుక్‌తో (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) హర్న్స్ పక్కటెముకలు అదరగొట్టాడు. దాంతో ఇద్దరి పాత్రలూ తారుమారయ్యాయి. నాకౌట్లకు పేరుపడ్డ హర్న్స్ కాలివేళ్ల మీద తేలుతూ దూరం నుంచి లెఫ్ట్ జాబ్‌తో (ఎడమచెయ్యి నేరుగా చాచి కొట్టే దెబ్బ) పాయింట్లు పోగేసుకున్నాడు. నాట్యానికి పేరుపడ్డ లెనార్డ్ ఎడమ కన్ను వాచిపోయి, వెంటపడి కొట్టాల్సిన పరిస్థితిలో పడ్డాడు. పన్నెండో రౌండ్ అయ్యాక కోచ్ ఏంజెలో డండీ, చేతికొచ్చిన పోరాటాన్ని జారవిడుచుకుంటున్నావని గట్టిగా మందలించాడు. పదమూడో రౌండ్‌లో లెనార్డ్ హర్న్స్‌ను తాళ్ల మధ్య నుంచి బయటికి నెట్టినంత పని చేశాడు. పద్నాలుగో రౌండ్‌లో రిఫరీ ఆపేశాడు. అప్పటికి కూడా ముగ్గురు జడ్జీల కాగితాల మీద హర్న్సే ముందున్నాడు: 124-122, 125-122, 125-121.

రౌండ్ల ప్రశ్నకు ఇంతకంటే గట్టి రుజువు ఉండదు. అదే పోరాటం 12 రౌండ్లు అయి ఉంటే హర్న్స్ గెలిచేవాడు. 15 కాబట్టి లెనార్డ్ గెలిచాడు. కబడ్డీలో ఎంత బలమైన రైడర్‌కైనా గీత చేరేదాకా కూత నిలవాలి. ఆ రోజుల్లో బాక్సర్‌కు ఆ గీత పదిహేనో రౌండ్. 1982 నవంబర్‌లో రే మన్సీనీతో పోరాడిన కొరియా బాక్సర్ దుక్ కూ కిమ్ చనిపోయాక, ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ తన టైటిల్ పోరాటాలను 12 రౌండ్లకు తగ్గించింది. మిగతా సంస్థలు కొన్నేళ్లకు అదే దారి పట్టాయి. అది మంచి నిర్ణయం, ప్రాణాల సంగతి. కానీ ఆ కాలపు బాక్సర్లను ఇప్పటి 12 రౌండ్లలో నిలబెట్టి చూసేటప్పుడు మనం వాళ్ల ఫలితాలను కూడా మార్చేస్తున్నామని తెలిసి ఉండాలి. కాబట్టి ఈ జతకు నాది రెండు ముక్కల తీర్పు. 15 రౌండ్లయితే లెనార్డ్. 12 అయితే హర్న్స్. 1989లో వయసు మళ్లాక మళ్లీ కలిసినప్పుడు 12 రౌండ్లే. హర్న్స్ లెనార్డ్‌ను రెండుసార్లు కింద పడేశాడు, జడ్జీలు డ్రా అన్నారు. ఆ తీర్పు చాలామందికి మింగుడుపడలేదు, నాకూ పడలేదు.

మూడో జత డురాన్, హర్న్స్. ఈ బరువులో వాళ్లు ఎప్పుడూ కలవలేదు. వాళ్లు కలిసింది 1984 జూన్‌లో, 154 పౌండ్ల దగ్గర. మొదటి రౌండ్‌లోనే డురాన్ రెండుసార్లు పడ్డాడు. రెండో రౌండ్‌లో ఒక కుడిచేతి దెబ్బకు బోర్లా పడ్డాడు, లేవలేదు. డురాన్ జీవితంలో అంత ఘోరంగా ఎవరి చేతిలోనూ పడలేదు. ఆ దృశ్యం చూసినవాళ్లకు ఇంకో ఆలోచన రాదు, ఏ బరువైనా హర్న్సే అంటారు.

నేను అంత త్వరగా తేల్చను. 1980 జూన్‌లో మాంట్రియల్‌లో గెలిచిన డురాన్, అదే ఏడాది ఆగస్టులో క్యూవాస్‌ను పడేసిన హర్న్స్, ఈ ఇద్దరినీ ఊహించండి. క్యూవాస్ నేరుగా వచ్చేవాడు, తల కదిలేది కాదు. హర్న్స్ కుడిచేతికి అంతకంటే మంచి గురి దొరకదు. డురాన్ తల మాత్రం ఎప్పుడూ అక్కడ ఉండదు. ఒక్కసారి లోపలికి చేరాడంటే, పొడుగ్గా సన్నగా ఉన్న హర్న్స్ పొట్ట భాగం అతనికి అందుతుంది. ఏడాది తర్వాత లెనార్డ్ హుక్‌లకు ఆ భాగం ఎలా వణికిందో చూశాం. అయినా లోపలికి చేరడమే అసలు కష్టం. పదకొండు అంగుళాల తేడా దాటుకుంటూ, ఆ జాబ్ కిందుగా వచ్చేటప్పుడు కుడిచెయ్యి పడితే? పదింటిలో ఆరు హర్న్స్‌కు, నాలుగు డురాన్‌కు ఇస్తాను. మొదటి ఐదు రౌండ్లు దాటితే మాత్రం నా డబ్బు డురాన్ మీద పెడతాను.

70 కిలోల్లో: హర్న్స్

ఈ బరువు హర్న్స్ కోసమే పుట్టినట్టుంది. 147 పౌండ్లకు దిగడానికి ఆ ఎత్తు మనిషి పడిన కష్టం ఇక్కడ లేదు. 160లో ఎదురయ్యే బరువైన దెబ్బలూ లేవు. 1982 డిసెంబర్‌లో న్యూ ఆర్లీన్స్‌లో విల్ఫ్రెడ్ బెనితెజ్ మీద 15 రౌండ్లు పోరాడి గెలిచాడు, అదీ కుడిచెయ్యి గాయంతో. బెనితెజ్‌ను కొట్టడం అంటే గాలిని కొట్టడమే అనేవాళ్లు. అదే ఏడాది జనవరిలో డురాన్ అతని చేతిలో ఓడాడు.

లెనార్డ్ కూడా ఈ బరువులో 1981లో అయూబ్ కలూలేను ఓడించి టైటిల్ తీసుకున్నాడు. కానీ 1982లో అతని కంటి రెటీనా విడిపోయింది. ఆపరేషన్ అయ్యాక రిటైర్ అయ్యాడు. అందువల్ల 154లో 1983, 84ల లెనార్డ్ అనే మనిషి మనకు లేనే లేడు. ఉన్న ఆధారాలతో ఎంచుకోమంటే హర్న్స్‌నే ఎంచుకుంటాను. 147లో 13 రౌండ్ల తర్వాత కూడా ముందున్నవాడు, ఒంట్లో ఏడు పౌండ్లు ఎక్కువ సత్తువతో వస్తే ఆఖరి రౌండ్లలో అలా కూలిపోడని నా నమ్మకం.

డురాన్ ఈ బరువులో కూడా ఒక గొప్ప రాత్రి చూశాడు. 1983 జూన్ 16న, తన 32వ పుట్టినరోజున, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డేవీ మూర్‌ను ఎనిమిదో రౌండ్‌లో ఆపించాడు. జనం లేచి పాట పాడారు. న్యూ ఆర్లీన్స్ అవమానం ఆ రాత్రి కడుక్కుపోయింది. కానీ హర్న్స్ ముందు అది చాలదు.

72.6 కిలోల్లో: హాగ్లర్, కానీ ఏ హాగ్లర్?

మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్ పట్టణంలో పెట్రొనెల్లి అన్నదమ్ముల దగ్గర తయారైన హాగ్లర్‌కు టైటిల్ దొరకడానికే ఏళ్లు పట్టింది. 1979 నవంబర్‌లో వీటో అంటువోఫెర్మోతో పోరాటం డ్రాగా ముగిసి చేతిదాకా వచ్చిన బెల్ట్ జారిపోయింది. 1980 సెప్టెంబర్‌లో లండన్‌లో బ్రిటన్ ఛాంపియన్ ఆలన్ మింటర్‌ను మూడు రౌండ్లలో చితకబాదాడు. బరిలోకి సీసాలు విసిరిన జనం మధ్య నుంచి ఛాంపియన్‌గా బయటికొచ్చాడు. తర్వాత 12 సార్లు నిలబెట్టుకున్నాడు. ఎడమచేతి వాటం, కావాలంటే కుడికి మారగలడు. గడ్డం ఇనుము, ఎంత దెబ్బ తగిలినా చలించడు. నలుగురిలో తన బరువు వదిలి ఎక్కడికీ పోనివాడు ఇతనొక్కడే.

అతని మంచి రోజు ఏదంటే చాలామంది 1985 ఏప్రిల్ 15 అంటారు. హర్న్స్‌తో సుమారు ఎనిమిది నిమిషాల యుద్ధం. మొదటి రౌండ్ అంత భయంకరమైన మూడు నిమిషాలు టైటిల్ పోరాటాల్లో నేను వేరే చూడలేదు. హర్న్స్ ఆ రౌండ్‌లోనే కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు, హాగ్లర్ నుదురు పగిలి రక్తం కారింది. మూడో రౌండ్‌లో డాక్టర్ గాయం చూసి వెళ్లాక, పోరాటం తన చేతిలోంచి పోతుందని తెలిసిన హాగ్లర్ వెంటనే ముగించాడు. హాగ్లర్‌కు 30, హర్న్స్‌కు 26. నేను మొదట చెప్పిన మూడు రాత్రుల్లో ఇది ఒకటి. మిగతా రెండూ మాంట్రియల్, 1981 సెప్టెంబర్. చెయ్యి విరగకపోతే హర్న్స్ గెలిచేవాడా? విరగకముందు పెట్టిన దెబ్బలన్నీ హాగ్లర్ తిని ముందుకే వచ్చాడు. దూరంగా ఉండి 12 రౌండ్లు ఆడితే హర్న్స్‌కు ఒక దారి ఉంది. కానీ ఆ దారిలో అతన్ని నడవనిచ్చే రకం కాదు హాగ్లర్. పదింటిలో ఏడు హాగ్లర్‌వి.

నాకు మాత్రం 1983 ఫిబ్రవరిలో టోనీ సిబ్సన్‌ను ఆరు రౌండ్లలో ముగించిన హాగ్లర్ ఇంకా గొప్పగా కనిపిస్తాడు. జాబ్, దూరం, కోణాలు, దేనికీ తొందర లేదు. అదే ఏడాది నవంబర్‌లో డురాన్ ముందు మాత్రం ఎందుకో జంకాడు. 13 రౌండ్లు అయ్యేసరికి ఇద్దరు జడ్జీల దగ్గర డురాన్ ఒక పాయింట్ ముందున్నాడు, మూడో జడ్జి దగ్గర సమానం. ఆఖరి రెండు రౌండ్లూ గెలుచుకుని హాగ్లర్ బయటపడ్డాడు. 61 కిలోల ఛాంపియన్ 72 కిలోల ఛాంపియన్‌ను అంతదాకా తీసుకెళ్లాడంటే, ఓడినా అది డురాన్ గొప్పతనానికి లెక్క. అయినా మళ్లీ మళ్లీ ఆడిస్తే హాగ్లరే గెలుస్తాడు, ఇంకా సులువుగా.

ఇక అందరూ కొట్లాడుకునే జత. 1987 ఏప్రిల్ 6, లెనార్డ్ మీద హాగ్లర్. ఆ ఫలితం ఇప్పటికీ మానని పుండు. ఒక జడ్జి 115-113 లెనార్డ్‌కు, ఇంకొకరు అదే 115-113 హాగ్లర్‌కు. మూడో జడ్జి 118-110 లెనార్డ్‌కు. లెనార్డ్ గెలిచాడని అనేవాళ్లు కూడా ఆ 118ని సమర్థించలేరు. హాగ్లర్ ఆ తర్వాత మళ్లీ బరిలో దిగలేదు. 2021లో చనిపోయేదాకా తనే గెలిచానని నమ్మాడు.

నేను ఆ పోరాటాన్ని ఒక పాయింట్ తేడాతో లెనార్డ్‌కు ఇస్తాను, హాగ్లర్ అభిమానిగా ఉండి కూడా. హాగ్లర్ మొదటి రౌండ్లు అలవాటు లేని కుడిచేతి వాటంలో నిలబడి ఊరికే వదిలేశాడు. లెనార్డ్ ప్రతి రౌండ్ ఆఖరి అరనిమిషంలో గబగబా కొట్టి జడ్జీల కళ్లలో పడ్డాడు. 12 రౌండ్లు, పెద్ద బరి, పది ఔన్సుల గ్లవ్స్ అన్నీ లెనార్డ్ వైపు అడిగి తెచ్చుకున్నవే. పోరాటం అక్కడే సగం గెలిచాడు. ఐదేళ్లలో ఒక్కసారి మాత్రమే బరిలో దిగిన మనిషి అలా రావడం అద్భుతమే, కాదనను.

కానీ ప్రశ్న మంచి ఫామ్ గురించి. అప్పటికి హాగ్లర్‌కు 32 నిండి 33 దగ్గర పడుతోంది. అంతకు ముందు ఏడాది మార్చిలో జాన్ ముగాబీతో పదకొండు రౌండ్లు దెబ్బలు తిని గెలిచాక ఏడాదికి పైగా ఖాళీగా ఉన్నాడు. ఆ రాత్రి అతని కాళ్లు ఒక అడుగు వెనకబడి ఉన్నాయి. 1983 హాగ్లర్‌ను తెచ్చి, 15 రౌండ్లు పెడితే, 160 పౌండ్లలో లెనార్డ్ ఎనిమిదో తొమ్మిదో రౌండ్ దాకా ముందుంటాడు. తర్వాత తప్పించుకోవడానికి జాగా దొరకదు. పదింటిలో ఏడున్నర హాగ్లర్‌కు అంటాను. అర ఎందుకంటే, లెనార్డ్ బుర్రను తక్కువ అంచనా వేసి బాగుపడినవాడు లేడు.

నలుగురినీ కలిపి ఒక్కడినే ఎంచుకోమని బలవంతపెడితే, మీకు ఏది ముఖ్యమో దాన్నిబట్టి పేరు మారుతుంది. ఒక్క రాత్రి, ఒకే పోరాటం, ఎలాగైనా గెలవాలంటే లెనార్డ్. ఒకే బరువులో ఏళ్ల తరబడి ఎవరొచ్చినా నిలబడాలంటే హాగ్లర్. మొదటి మూడు రౌండ్లలో భయం పుట్టించాలంటే హర్న్స్. శరీరాలన్నీ ఒకే కొలతకు తెచ్చి నైపుణ్యం ఒక్కటే తూచితే డురాన్, అందులో నాకు అనుమానమే లేదు.

మన దగ్గరి జత: మేరీ కోమ్, నిఖత్ జరీన్

ఇదే పద్ధతి మన దేశంలో వేడెక్కిన ఇంకో వాదనకు పెట్టి చూడొచ్చు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో, ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే ట్రయల్‌లో మేరీ కోమ్ మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను 9-1తో ఓడించింది. ఆ స్కోరు చూపించి "మేరీ ముందు నిఖత్ ఎంత" అనేవాళ్లు అప్పుడు చాలామంది. కానీ ఆ రోజు మేరీకి 37, నిఖత్‌కు 23. ఒకరి మంచి రోజులు వెనకబడ్డాయి, ఇంకొకరివి ఇంకా మొదలవలేదు. ఇద్దరిలో ఎవరికీ అది కొలమానం కాదు.

బరువు చూడండి. మేరీ ఆరు ప్రపంచ టైటిళ్లూ 45, 46, 48 కిలోల్లో వచ్చాయి. 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్యం, 2014 ఆసియా క్రీడల స్వర్ణం మాత్రం 51 కిలోల్లో గెలిచింది, తనకంటే పెద్ద శరీరాల మధ్య నిలబడి. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. రెండు ఫైనళ్లూ 5-0, అంటే ఐదుగురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారు. రౌండ్ల లెక్క కూడా వేరు. లండన్‌లో మహిళలకు రెండు నిమిషాల రౌండ్లు నాలుగు. ఇప్పుడు మూడు నిమిషాలవి మూడు.

48 కిలోల్లో, రెండు నిమిషాల రౌండ్లలో, 2010 నాటి మేరీని పెడితే నేను మేరీ వైపే. లోపలికి దూకి కొట్టి, ఎదుటివాళ్లు తేరుకునేలోపు బయటికొచ్చే ఆ ఎడమచేతి వాటం వేగానికి నిఖత్ దగ్గర జవాబు ఉందనుకోను. పైగా ఆ బరువుకు దిగితే నిఖత్‌లో సత్తువ మిగలదు. 51, 52 కిలోల్లో, మూడు నిమిషాల రౌండ్లలో, 2022 నాటి నిఖత్‌ను పెడితే నిఖత్. ఆ ఏడాది ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీలో టోక్యో రజత విజేత బుసె నాజ్ చాకిరోగ్లును ఓడించింది, మేలో ప్రపంచ టైటిల్ గెలిచింది, ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం తెచ్చింది. దూరం కాపాడుకుంటూ మూడో రౌండ్‌లో కూడా అదే జోరుతో కొట్టింది. మేరీ మొదటి రౌండ్ గెలుస్తుంది, రెండోది ఎటైనా పోవచ్చు, మూడోది నిఖత్‌దే.